చెరువూ దాగబా, ఊరూ పన్సలా: లంక రాజరటలో ఆరు రాత్రులు

సింహళంలో ఒక నానుడి ఉంది: "వెవయి దాగబయి, గమయి పన్సలయి". వినడానికి కొత్తగా ఉంటుంది గానీ విడదీసి చూస్తే నాలుగు మాటలూ మనకు చుట్టాలే. వెవ అంటే వాపి, చెరువు. దాగబ అంటే ధాతుగర్భం, స్తూపం. గమ గ్రామం. పన్సల పర్ణశాల, భిక్షువులుండే చోటు. శ్రీలంక ఉత్తర మధ్య భాగాన్ని రాజరట అంటారు. వానలు తక్కువైన ఆ నేలలో ఎలా తిరగాలో ఈ నానుడే చెబుతుంది. ముందు చెరువు ఎక్కడుందో చూసుకోండి, మిగతా మూడూ దాని చుట్టుపక్కలే ఉంటాయి. ఏనుగులు కూడా.

మామూలు ప్యాకేజీల్లో రాజరటకు దక్కేది ఒక్క రోజు. పొద్దున సిగిరియ, మధ్యాహ్నం దంబుల్ల, సాయంత్రానికి క్యాండీ హోటల్. బౌద్ధ స్థలాలు చూద్దామని వెళ్లేవాళ్లకు అది దండగ. ఆరు రాత్రులుంటే పాత రాజధాని అనురాధపురంలో రెండు, హబరణ–సిగిరియ చుట్టుపక్కల మూడు, క్యాండీలో ఒకటి పెట్టుకోండి. కటునాయక విమానాశ్రయం నుంచి అనురాధపురం సుమారు 170 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు. మొదటే అక్కడికి వెళ్లిపోయి, తర్వాత దక్షిణానికి దిగుతూ వస్తే చరిత్ర కూడా ఇంచుమించు వరుసలోనే ఎదురవుతుంది.

అనురాధపురం టికెట్ కొన్న రోజుకే చెల్లుతుంది. మధ్యాహ్నం దిగి కొంటే సగం డబ్బు వృథా, అందుకే పొద్దున్నే కొనండి. సార్క్ దేశాలవాళ్లకు ఈ పురావస్తు స్థలాల్లో చాలాకాలంగా తక్కువ ధర ఉంది. కానీ అసలు పాస్‌పోర్ట్ చూపించాలి, గదిలో పెట్టి వస్తే పూర్తి ధరే. స్థలాలు దూరదూరంగా ఉంటాయి, నేల మాత్రం చదును. అద్దె సైకిల్ సరిపోతుంది, ఎండకు ఆగలేనివాళ్లు టుక్‌టుక్ మాట్లాడుకోవచ్చు.

వరుస విషయంలో చాలామంది పొరపాటు పడతారు. బోధివృక్షం శ్రీమహాబోధి, పెద్ద స్తూపం రువన్‌వెలిసాయ పేరున్నవి కాబట్టి పొద్దున అక్కడికి వెళ్లి, పాత మఠం అభయగిరిని మధ్యాహ్నానికి వదిలేస్తారు. తిరగేయండి. పొద్దున అభయగిరి చెట్ల నీడల్లో తిరగొచ్చు. రువన్‌వెలి మళువ మీద, అంటే స్తూపం చుట్టూ పరిచిన రాతి ప్రాంగణం మీద, చెప్పులు లేకుండా నడవాలి. పన్నెండింటికి అది పెనంలా కాలుతుంది. సాక్సులు వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. తలమీద టోపీ మాత్రం తీసేయాలి. అసలు ఆ రెండు చోట్లకూ సాయంత్రమే బాగుంటుంది. తెల్లబట్టల్లో కుటుంబాలు వస్తాయి, కలువ మొగ్గల రేకులు ఒక్కొక్కటే వెనక్కి మడిచి పువ్వుగా విప్పి పెడతారు. మనలాగే వాళ్లూ దేవుడికి పెట్టే పువ్వును వాసన చూడరు.

అభయగిరిలో ఒక్కటే చూసే టైముంటే, మహాసేనుడి మేడ అని పిలిచే శిథిలం మెట్ల దగ్గర ఆగండి. కింద అర్ధచంద్రాకారంలో ఒక రాయి ఉంటుంది, సందకడ పహణ, అంటే చంద్రశిల. వంగి బయటి అంచు నుంచి లోపలికి చూడండి. మొదట జ్వాలలు, తర్వాత ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు. ఆ లోపల తీగ, ఆపైన ముక్కున మొగ్గ పట్టుకున్న హంసలు, నడుమ తామర. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, తర్వాతి రాజధాని పొలొన్నరువలో దీంతో పని ఉంది.

జేతవనం స్తూపం కట్టించింది ఆ మహాసేనుడే (క్రీ.శ. 273–301). మొదట 122 మీటర్ల ఎత్తుండేది. ప్రాచీన ప్రపంచంలో గిజాలోని రెండు పెద్ద పిరమిడ్ల తర్వాత అంత ఎత్తైన కట్టడం అదే. ఇప్పుడు 71 మీటర్లు మిగిలింది. రాయి కాదు, అంతా ఇటుకే. స్తూపాల నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అలంకార వేదికలను వాహల్కడ అంటారు. అమరావతి, నాగార్జునకొండల ఆయక వేదికలు చూసినవాళ్లకు వాటి పోలిక చెప్పక్కర్లేదు. కృష్ణా లోయ సున్నపురాయి మీద చెక్కిన ఫలకాలు లంకలో దొరికాయి. ఇటు నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలానికే సింహళ విహారం ఉంది, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం తంబపణ్ణి, అంటే లంక, భిక్షువులను పేర్కొంటుంది. రెండు వైపులా రాకపోకలుండేవన్నమాట.

రెండో రోజు తెల్లవారుజామున మిహింతలె. అనురాధపురానికి 13 కిలోమీటర్లు. అశోకుడి కొడుకు మహేంద్రుడు లంక రాజు దేవానాంపియ తిస్సను కలిశాడని చెప్పే కొండ ఇదే. మొత్తం 1,840 మెట్లంటారు గానీ సగం పైదాకా బండి వెళుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భయపడక్కర్లేదు. పోసొన్ పున్నమికి, అంటే జూన్‌లో, వెళ్తే జనసముద్రం. ఆ వేడుక కోసమే వెళ్లేవాళ్లకు సరే, శిల్పం చూసేవాళ్లకు కాదు. అన్నట్టు ప్రతి పున్నమీ అక్కడ సెలవే, పోయ అంటారు. మద్యం అమ్మరు, మాంసం దుకాణాలూ మూస్తారు. తేదీలు చూసుకుని బయల్దేరండి.

అనురాధపురం నుంచి హబరణకు నేరుగా పోకుండా కలావెవ మీదుగా చుట్టు తిరిగి వెళ్లండి. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు తవ్వించిన చెరువు. దాని నుంచి అనురాధపురం చెరువులకు నీళ్లు తీసుకెళ్లే యోధ ఎల కాలువ 87 కిలోమీటర్లు. మొదటి భాగంలో వాలు కిలోమీటరుకు దాదాపు పది సెంటీమీటర్లే. చెరువుకు దగ్గర్లోనే అవుకనలో నిలువెత్తు బుద్ధుడు, 12 మీటర్లకు పైగా, కొండరాతిలోంచే చెక్కింది. సూర్యుడు ఎదురుగా ఉండే పొద్దుటిపూటే ముఖం బాగా కనిపిస్తుంది.

చెరువు కట్ట మీద నడుస్తుంటే తెలంగాణ వాళ్లకు అన్నీ తెలిసినవే: కట్ట, తూము, అలుగు, శిఖం (నీరు తగ్గితే తేలే చెరువు నేల). ఒకదాని అలుగు కిందిదానికి నీరిచ్చే గొలుసుకట్టు కూడా ఉంది, వాళ్లు ఎల్లంగావ అంటారు. పెద్ద చెరువుల్లో మాత్రం గమనించాల్సిన భాగం బిసోకొటువ. కట్ట లోపల, తూముకు ముందు, ఇటుకతోనో రాతితోనో కట్టిన చదరపు బావి. లోతు నీటి ఒత్తిడి నేరుగా తూము మీద పడితే కాలువ గోడలు కొట్టుకుపోతాయి. ఆ బావిలో నీటి జోరు తగ్గించి, ఎంత కావాలో అంతే బయటికి వదిలేవారు. 19వ శతాబ్దంలో హెన్రీ పార్కర్ అనే ఇంజినీరు, ఇది ఈ కాలపు కవాట గోపురాలకు పూర్వరూపమని గుర్తించాడు.

ఈ చెరువు కథే సిగిరియకు దారి చూపిస్తుంది. కశ్యపుడు తండ్రి ధాతుసేనుడిని పట్టుకుని నిధులెక్కడని అడిగితే, ముసలి రాజు కలావెవ దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు దోసిట పట్టి, నా ఆస్తి ఇదేనన్నాడట. తర్వాత అతన్ని సజీవంగా గోడలో పూడ్చారని లంక చరిత్ర గ్రంథం చూళవంశం చెబుతుంది. తమ్ముడు మొగ్గల్లానుడు దండెత్తి వస్తాడన్న భయంతోనే కశ్యపుడు (477–495) ఆ బండ మీదికెక్కి కూర్చున్నాడు. రావణుడి కోట అని గైడ్లు చెబితే విని ఊరుకోండి. అక్కడ కనిపించే కోట, తోటలు, చిత్రాలు ఎక్కువగా కశ్యపుడి కాలానివే.

సిగిరియ బండ చుట్టుపక్కల నేలకు దాదాపు 200 మీటర్ల ఎత్తు, మెట్లు సుమారు 1,200. గేటు తెరిచే వేళకే ఉండాలి. తొమ్మిది దాటితే ఇనుప మెట్ల మీద బారులు తీరి నిలబడాల్సిందే. దిగేటప్పుడు చూద్దామని దారిలోని గోడచిత్రాలను వదిలేయకండి, గుంపును బట్టి వెనక్కి రానివ్వకపోవచ్చు. చిత్రాలను ఫొటో తీయకూడదు. సింహపాదాల ద్వారం పైన రాతికి పెద్ద పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి, మౌనంగా ఉండమని బోర్డులు అందుకే. తేనెటీగలు లేచాయంటే పైకి దారి మూసేస్తారు. అరుపులు, ఘాటైన సెంటు రెండూ వద్దు. బండనే చూడాలనుకుంటే ఎదురుగా పిదురంగల కొండ ఎక్కండి. టికెట్ చాలా తక్కువ. చివర్లో పది నిమిషాలు బండరాళ్ల మధ్య చేతులూ కాళ్లూ వేసి పాకాలి, చీరకట్టుతో కుదరదు.

ఇక ఏనుగులు. మిన్నేరియ చెరువు కూడా మహాసేనుడిదే. అనురాధపురంలోని పాత మఠం మహావిహారాన్ని పడగొట్టించిన రాజే అయినా, చెరువు తవ్వించాడని రైతులు అతన్ని మిన్నేరి దేవుడిగా కొలుస్తారు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా నీరు వెనక్కి తగ్గి శిఖంలో పచ్చిక మొలుస్తుంది. అడవిలో ఎండిపోయిన కాలం కాబట్టి చుట్టుపక్కల మందలన్నీ అక్కడికి దిగుతాయి. ఒక్క సాయంత్రం వందకు పైగా కనిపించవచ్చు. కానీ ఎగువ రిజర్వాయరు నుంచి నీళ్లు వదిలితే పచ్చిక మునుగుతుంది, మందలు కౌడుల్లకో హురులు అడవికో మళ్లుతాయి. అందుకే మిన్నేరియ అని ముందే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేయకండి. హబరణలో దిగాక, నిన్న సాయంత్రం ఏనుగులు ఎక్కడున్నాయని ఇద్దరు ముగ్గురు జీపు డ్రైవర్లను అడిగి, అప్పుడు ఖాయం చేసుకోండి.

బేరంలో ఒక తిరకాసుంది. డ్రైవర్ చెప్పేది జీపు అద్దె. పార్కు టికెట్, సేవా రుసుము, వాహన రుసుము, పన్ను వేరు. అన్నీ కలిపి ఎంతో ముందే చెప్పించుకోండి. రెండున్నర, మూడింటికి లోపలికి వెళితే చాలు, నాలుగు దాటాకే మందలు చెట్లు వదిలి బయటికొస్తాయి. జీపులన్నీ ఒకే మంద చుట్టూ మూగుతాయి, దూరంగా ఆపి ఇంజిన్ కట్టేయమని మీరే చెప్పాలి. పిల్ల ఏనుగు తల్లి పొట్ట కింద దూరి, తల్లి చెవులు విప్పి నిలబడిందంటే మీరు మరీ దగ్గరికెళ్లినట్టే. లంక మగ ఏనుగుల్లో దంతాలున్నవి చాలా అరుదు. అన్నీ ఆడవే కనిపించాయని నిరాశపడేవాళ్లుంటారు, అది నిజం కాదు. వీపు మీద సవారీ ఎక్కించే చోట్లకు వెళ్లకపోవడమే మంచిది. చీకటి పడ్డాక హబరణ రోడ్ల మీద టుక్‌టుక్‌లో తిరగొద్దు, ఏనుగులు రోడ్డెక్కుతాయి.

చిరుత కావాలంటే విల్పత్తు జాతీయ పార్కు అనురాధపురానికి దగ్గర. లంకలో పులి లేదు, చిరుతే అడవికి పెద్ద, కాబట్టి పట్టపగలు కూడా దారి మీద నడుస్తుంది. పాల చెట్లు పండే మే–జూలైలో ఎలుగుబంట్లు కొమ్మలెక్కి కనిపిస్తాయి.

పొలొన్నరువకు ఒక పూట చాలదు, రోజంతా ఇవ్వండి. వటదాగె, అంటే గుండ్రటి స్తూపగృహం, మెట్ల దగ్గర చంద్రశిల చూడండి: ఏనుగు ఉంది, గుర్రం ఉంది, ఎద్దు లేదు, సింహమూ లేదు. చోళుల పాలన తర్వాతి కాలం కదా, నందిని కాలితో తొక్కే చోట పెట్టలేకపోయారని పండితుల మాట. గల్ విహారలో పడుకున్న బుద్ధుడు 14 మీటర్లు. తల కింద దిండు చూడండి, బరువుకు నొక్కుకుపోయినట్టు రాయి కుంగి ఉంటుంది. పాదాలు సరిసమానంగా లేవు, పైది కాస్త వెనక్కి జరిగింది. నిద్రకూ పరినిర్వాణానికీ తేడా శిల్పి అక్కడే చూపించాడు. విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటే కాపలావాళ్లు కేకలేస్తారు. ఒంటి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉంటే కప్పుకోండి, దేశం నుంచి పంపేసిన సందర్భాలున్నాయి. ఇక్కడి రిలవా కోతులు చేతిలో ప్లాస్టిక్ కవరు చూస్తే వదలవు. ముఖం నల్లగా ఉండే కొండముచ్చును వందురా అంటారు, వానరమే.

దంబుల్ల గుహాలయంలో ముందు టికెట్, తర్వాత మెట్లు. బంగారు బుద్ధుడి వైపు నుంచి ఎక్కి, పైన టికెట్ లేదని కిందికి దిగేవాళ్లు రోజూ ఉంటారు. గుహలు క్రీస్తుపూర్వానివైనా ఇప్పుడు కనిపించే రంగులు ఎక్కువగా 18వ శతాబ్దపు కీర్తిశ్రీ రాజసింహుడు వేయించినవి. మూడో గుహలో అతని విగ్రహమూ ఉంది. ఇతను క్యాండీని 1739 నుంచి 1815 దాకా ఏలిన నాయక్కర్ వంశం వాడు, మధుర నాయకుల బంధువర్గం, మూలం తెలుగు. లంకలో ఉపసంపద, అంటే భిక్షువుల పూర్తి దీక్ష, ఆగిపోతే 1753లో సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించిందీ ఇతని కాలంలోనే. క్యాండీలో బుద్ధుడి దంతధాతువున్న ఆలయం దళద మాళిగావలో సాయంత్రం ఆరున్నర పూజకు అరగంట ముందే వరుసలో నిలబడండి. కనిపించేది కరండమే, అంటే దాన్ని ఉంచిన పెట్టె, దంతధాతువు కాదు.

తిండి విషయంలో శాకాహారులకు ఒక్క మాట. కొబ్బరి పచ్చడిలోనూ, పప్పులోనూ కూడా ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. చేప వద్దంటే ముక్కలు తీసేస్తారు తప్ప పొడి గుర్తురాదు, పేరు పెట్టి "ఉంబలకడ ఎపా" అనండి. గొటుకొళ సంబోల మన సరస్వతి ఆకే. పొలొస్ అంటే లేత పనసకాయ కూర, గోదావరి వాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది. అన్నం, కూరలు మధ్యాహ్నం తాజాగా ఉంటాయి, రాత్రికి చిన్న హోటళ్లలో దొరకవు, ఆప్పాలూ ఇండిఆప్పాలూ తినాలి. చెరువుగట్ల రోడ్ల పక్కన మట్టి ముంతల్లో గేదె పెరుగు వరుసగా పేర్చి అమ్ముతారు. పైన కితుల్ పాకం పోస్తారు, కితుల్ అంటే జీలుగు చెట్టు. పాకం సీసా విడిగా కొనేటప్పుడు రంగును బట్టి కాదు, వాసన చూసి కొనండి. చక్కెర కలిపినదానికి ఆ పొగవాసన ఉండదు.