పటం ఇచ్చే జవాబు మాటల్లో

ఒక ప్రభుత్వ సంస్థ నడిపే పటాల వెబ్‌సైటును దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా మార్చే పని ఏడాదిన్నర కిందట మా బృందం చేతికి వచ్చింది. వరద ముప్పు ఉన్న ప్రాంతాలు, ఆరోగ్య కేంద్రాలు, మరమ్మతుల కోసం మూసిన రోడ్లు అన్నీ ఒకే పటం మీద పొరలు పొరలుగా కనిపించే సైటు అది. పని మొదలుపెట్టినప్పుడు నా బుర్రలో తిరిగిన ప్రశ్న ఒక్కటే: చూపు లేని మనిషికి పటాన్ని ఎలా చూపించాలి? ఆ ప్రశ్న వేసుకోవడమే పొరపాటని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

మొదటి పరీక్షకు వచ్చినాయన పుట్టుకతో చూపు లేనివారు. ఎన్‌వీడీఏ అనే, తెర మీదున్నది చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నారు. అది చదివే వేగాన్ని నా చెవులు అందుకోలేకపోతుంటే, నా కోసం కాస్త నెమ్మది చేశారు. సైటు తెరిచి ట్యాబ్ కీ నొక్కారు. ‘జూమ్ ఇన్, బటన్’ అంది యంత్రం. ‘జూమ్ అవుట్, బటన్.’ ఆ తర్వాత ‘మార్కర్, బటన్’. మళ్లీ ‘మార్కర్, బటన్’. మళ్లీ అదే. మా సైటు లీఫ్‌లెట్ అనే, వెబ్ పటాల తయారీకి వాడే సిద్ధం కోడు లైబ్రరీతో తయారైంది. పటం మీద పెట్టే గుర్తుకు మనం పేరు ఇవ్వకపోతే ఆ లైబ్రరీ తనంతట తాను పెట్టే పేరు అదే. ఇరవైసార్లకు పైగా నొక్కాక ఆయన ఆగి, “ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయండీ?” అని అడిగారు. నూట నలభై దాకా ఉన్నాయన్నాను. “వాటిలో మా ఇంటికి దగ్గరగా ఉన్నదేదో చెప్పండి చాలు, మిగతావి మీ దగ్గరే ఉంచుకోండి” అన్నారు నవ్వుతూ.

ఆ మాటలోని అసలు సంగతి నాకు అప్పుడు అందలేదు. గుర్తులకు పేర్లు లేకపోవడమే లోపమనుకొని అన్నింటికీ పేర్లు పెట్టాం. ఇంకా మెరుగ్గా చేద్దామని, పటం కింద నూట నలభై వరుసల పట్టిక ఒకటి చేర్చాం. శీర్షికలు సరిగ్గా గుర్తించి, వరుసల మధ్య స్క్రీన్ రీడర్ తేలికగా కదిలేలా, నియమాల ప్రకారం వేలెత్తి చూపడానికి వీల్లేకుండా తయారుచేశాం. ఆయన రెండోసారి వచ్చి ఆ పట్టికను ఓపికగా విన్నారు. అందులో లేని వివరమంటూ లేదు, ఆయనకు కావలసిన జవాబు మాత్రం లేదు.

చూపున్నవారెవరూ పటం మీద నూట నలభై గుర్తులను వరుసగా చదవరు. తమ వీధి ఎక్కడుందో చూసుకుంటారు, దానికి దగ్గరగా ఏముందో, ఏటికి ఇవతల ఉన్నదేదో, రంగు వేసిన భాగంలో తమ ఇల్లు పడిందో లేదో చూసి పేజీ మూసేస్తారు. పటం చేసే పని దూరాన్ని, దిక్కును, లోపలా బయటా అన్న తేడాను ఒక్క చూపులో అందించడం. పట్టికలో పేర్లూ చిరునామాలూ ఉంటాయి గాని ఈ సంబంధాలు ఉండవు. బొమ్మను యంత్రం చేత చదివిద్దామంటే అదీ కుదరదు. పటంలో మనకు కనిపించే నేపథ్యం చాలా సైట్లలో 256 పిక్సెళ్ల చదరపు ముక్కలను పక్కపక్కన పేర్చిన అతుకుల బొంత. ఓపెన్‌లేయర్స్ వంటి లైబ్రరీలు పటాన్ని కాన్వాస్ మీద, అంటే పేజీలో బొమ్మ గీసుకునే ఖాళీ చోట, గీస్తాయి. గీసిన గీతలు స్క్రీన్ రీడర్‌కు లేనట్టే లెక్క.

కాబట్టి పటాన్ని పక్కన పెట్టి, జనం దాన్ని దేనికోసం తెరుస్తారో తెలుసుకోవడం మొదలుపెట్టాం. ఇందుకు మాకు అందరికంటే ఎక్కువ సాయపడ్డవారు ఆ సంస్థలో ఫోన్లు ఎత్తే సిబ్బంది. ఎవరైనా ఫోన్ చేసి మా ఇంటికి వరద ముప్పు ఉందా అని అడిగితే, వారు తమ తెర మీద అదే పటాన్ని తెరిచి, చూసింది మాటల్లో చెబుతారు. మేము నాలుగు నెలలుగా వెతుకుతున్న పనిని పక్క గదిలో రోజూ చేస్తూనే ఉన్నారు. వారి పక్కన కూర్చొని రాసుకుంటే, ఏ పొరకూ ఐదారు ప్రశ్నలకు మించి రాలేదు.

వాటి ఆధారంగా సైటు పైభాగంలో చిరునామా వెతికే పెట్టె ఒకటి పెట్టి, వెతకగానే పటంతో పాటు ఇలాంటి వాక్యాలు వచ్చేలా చేశాం: ‘ఈ చిరునామా మధ్యస్థ వరద ముప్పు ప్రాంతంలో ఉంది. ఎక్కువ ముప్పు ప్రాంతం ఇక్కడికి తూర్పున సుమారు 60 మీటర్ల దూరంలో మొదలవుతుంది.’ ఒక బిందువు ఒక హద్దు లోపల ఉందో లేదో తేల్చడం, హద్దుకు ఎంత దూరమో కొలవడం పటాల సాఫ్ట్‌వేరుకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి, ఆ కోడు ఒక పూటలో అయిపోయింది. ఆ రెండు వాక్యాలకు ఆమోదం రావడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది.

అభ్యంతరం చెప్పినవారు వరదల లెక్కలు వేసే ఇంజనీర్లు. మొదట్లో నాకు విసుగొచ్చింది గాని, వారి మాటలో న్యాయం ఉంది. ఆ హద్దు నేల మీద ఎవరో గీసిన గీత కాదు; నేల ఎత్తుపల్లాల కొలతలనుబట్టి, కురిసే వాననుబట్టి కంప్యూటర్ అంచనా వేసిన గీత. పటంలో దాన్ని చూసినవారు కొంత ఉజ్జాయింపుగానే తీసుకుంటారని, ‘మీ ఇల్లు లోపల ఉంది’ అని వాక్యం రాస్తే అది తీర్పులా వినిపిస్తుందని వారి భయం. నేను అడిగింది ఒక్కటే: ఆ ఉజ్జాయింపు ఎంతో పటం మీద ఎక్కడైనా రాశారా? లేదు. ఒక రంగుకూ ఇంకో రంగుకూ మధ్య ఆ సందేహం ఇన్నేళ్లూ దాక్కుని ఉంది. చివరికి దూరాలను పదుల మీటర్లకు సవరించి చెప్పడానికి, హద్దు ఎటైనా ఎంతమేర జరగవచ్చో ఒక వాక్యంలో తెలపడానికి ఒప్పుకున్నారు. అదే వాక్యం ఇప్పుడు పటం పక్కనున్న రంగుల వివరణలో కూడా చేరింది.

ఈ ఆరు వారాల్లో ఒకరు సమావేశానికి చట్టం కాగితం పట్టుకొచ్చి, పటాలకు మినహాయింపు ఉంది కదా, ఇంత శ్రమ ఎందుకన్నారు. ఉన్నమాట నిజమే. ప్రభుత్వ రంగ వెబ్‌సైట్ల అందుబాటు గురించి యూరోపియన్ యూనియన్ 2016లో ఇచ్చిన ఆదేశంలోనూ, దాన్ని అనుసరించి బ్రిటన్ 2018లో తెచ్చిన నిబంధనల్లోనూ ఆన్‌లైన్ పటాలకు మినహాయింపు ఇచ్చారు. అయితే దారి తెలుసుకోవడానికి ఉద్దేశించిన పటమైతే అందులోని ముఖ్య సమాచారాన్ని అందరికీ అందే డిజిటల్ రూపంలో ఇవ్వాలన్న షరతు అదే వాక్యంలో ఉంది. ఆ వాక్యాన్ని సగం దగ్గర ఆపి చదివేవారే ఎక్కువ. పైగా వెతికే పెట్టె, పొరలు ఎంచుకునే పలక, బటన్లు పటం కావు. మినహాయింపు మాటున వాటిని కూడా వదిలేయడం నా దృష్టిలో ఎగవేతే.

మాటల్లో జవాబు ఇచ్చేశాం కాబట్టి పటాన్ని ఎలా ఉన్నా వదిలేయవచ్చనుకోవడం దీనికి ఎదురు తప్పు. దివ్యాంగులంటే చూపు లేనివారు మాత్రమే కాదు. పటాన్ని చక్కగా చూడగలిగి, చేతులు వణకడం వల్ల దాన్ని లాగలేనివారు ఉన్నారు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే, వెబ్‌సైట్లు దివ్యాంగులకు అందేలా ఉండటానికి పాటించే అంతర్జాతీయ ప్రమాణం, లాగడం ద్వారా జరిగే ఏ పనికైనా లాగకుండా ఒక్క నొక్కుతో చేసే మార్గం ఉండాలని, నొక్కే చోటు చిన్నచిన్న మినహాయింపులు పోను కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, ఎత్తు ఉండాలని చెబుతుంది. అందుకని పటం మూలలో నాలుగు దిక్కులకూ నాలుగు బాణం బటన్లు పెట్టాం. ఇరవై ఏళ్ల నాటి సైటులా కనిపిస్తోందని మా డిజైనరు మూతి ముడుచుకున్నారు. కీబోర్డుతో కదిలేవారికి మరో చిక్కు ఎదురైంది: గుర్తు మీద ఎంటర్ నొక్కితే వివరాల పెట్టె తెరుచుకుంటుంది, ఫోకస్, అంటే కీబోర్డు నొక్కులు పనిచేసే చోటు, మాత్రం వెనకే ఉండిపోతుంది. పెట్టె తెరవగానే ఫోకస్ అందులోకి వెళ్లేలా, ఎస్కేప్ నొక్కితే పెట్టె మూసుకొని సరిగ్గా ఆ గుర్తు మీదికే తిరిగి వచ్చేలా చేయడం రెండు రోజుల పని, చెప్పుకోవడానికి రెండు ముక్కలు.

రంగుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాం. పాత పటంలో ఎక్కువ ముప్పు ఎరుపు, ముప్పు లేని చోటు పచ్చ. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో దాదాపు 12 మందిలో ఒకరికి ఈ రెండు రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. సింథియా బ్రూవర్ పటాల కోసం రూపొందించిన కలర్‌బ్రూవర్ అనే రంగుల ఎంపిక సాధనం నుంచి వర్ణాంధత్వం ఉన్నవారికీ తేడా తెలిసే రంగుల వరుసను తీసుకున్నాం, దాని మీద ఒక్కో ముప్పు స్థాయికి ఒక్కో రకం చారలు వేశాం. హద్దు గీతకు, దాని పక్కనున్న రంగుకు మధ్య కనీసం 3:1 కాంట్రాస్ట్ (వెలుతురు తేడా) ఉండాలన్నది నియమం. కాని పటంలో ఆ గీత ఒకచోట చెరువు మీదుగా, ఇంకోచోట అడవి మీదుగా పోతుంది, నేపథ్యం ఎక్కడికక్కడ మారిపోతుంది. ముదురు గీతకు ఇరువైపులా సన్నని తెల్ల అంచు పెడితే, వెనుక ఏ రంగున్నా గీత తేలి కనిపించింది. పాతకాలం అచ్చు పటాల్లో ఊరి పేర్ల చుట్టూ తెల్లగా వదిలే పద్ధతి కూడా ఇదే.

ఒక మాట చెప్పాలి. మార్కర్, బటన్ అని ఇరవైసార్లు పలికిన ఆ పాత పేజీకి, యాంత్రికంగా తనిఖీ చేసే సాధనం ఒకటి నూటికి నూరు మార్కులు వేసింది. ప్రతి గుర్తుకూ పేరుందా అని అది అడిగింది, ఉందని మా పేజీ చెప్పింది.

మొదట వచ్చినాయన మూడోసారి వచ్చి చిరునామా టైపు చేసి, దగ్గరి ఆరోగ్య కేంద్రం ఈశాన్యాన 400 మీటర్ల దూరంలో ఉందని విన్నారు. మా మొహాలు వెలిగాయి. “బాగుంది, లోపలికి వెళ్లాలంటే మెట్లెక్కాలా? మా ఆవిడ చక్రాల కుర్చీలో వస్తుంది” అని అడిగారు. ఆ వివరం మా పటంలోనే కాదు, వెనకనున్న డేటాబేసులో కూడా లేదు, ఎవరూ సేకరించలేదు. క్షేత్ర సిబ్బంది నింపే ఫారంలో ప్రవేశద్వారం గురించి మూడు గళ్లు చేర్చమని రాసి పంపాం. ఒప్పుకున్నారు. ఇప్పటికి నలభై కేంద్రాల వివరాలు వచ్చాయి, మిగతావాటి దగ్గర ‘వివరం అందలేదు’ అని స్క్రీన్ రీడర్ చదువుతోంది.