మూత్రం కల్చర్‌కు పంపే ముందు

ఆస్పత్రుల్లో మూత్ర ఇన్‌ఫెక్షన్ నిర్ధారణ మెరుగుపడాలంటే కొత్త యంత్రాలు కొనాలన్న మాట తరచుగా వినిపిస్తుంది. మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసే నా అభిప్రాయం వేరు. ఎవరి మూత్రం పంపుతున్నాం, ఎలా పట్టి పంపుతున్నాం అన్నవి సరిచేయకుండా ఏ యంత్రం తెచ్చినా రోగికి ఒరిగేదేమీ ఉండదు.

కల్చర్ అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష. ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు, పట్టే లూపుతో (చివర చిన్న వలయమున్న పుల్లతో) మూత్రాన్ని బ్యాక్టీరియా పెరిగే ఆహారమున్న ప్లేటు మీద గీసి, రాత్రంతా ఇంక్యుబేటరులో ఉంచి, మర్నాడు కాలనీలు లెక్కపెడతాం. వంద కాలనీలుంటే మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా అని రాస్తాం. కానీ పొద్దున రౌండ్లకు ముందు పట్టిన సీసా, తీసుకెళ్లే మనిషి లేక మధ్యాహ్నం దాకా వార్డు ట్రేలోనే ఉండిపోతే, మూత్ర ఇన్‌ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై బ్యాక్టీరియా అందులోనే పెరుగుతూ పోతుంది. ఆ లక్ష రోగి మూత్రాశయంలోదా, సీసాలోదా అన్నది ప్లేటు చెప్పదు. రెండు గంటల్లోగా ల్యాబుకు చేర్చడం, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. క్యాథెటర్ (మూత్రం బయటికి రావడానికి మూత్రాశయంలోకి పెట్టే గొట్టం) ఉన్నవారికి బ్యాగులోని మూత్రం పంపకుండా, ట్యూబుకుండే పోర్టును స్పిరిటుతో తుడిచి సిరంజితో తీయడమూ అంతే.

అంతకన్నా నన్ను బాధపెట్టేవి అవసరం లేని కల్చర్లు. నెల రోజులు క్యాథెటర్ ఉంటే దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా చేరుతుంది. పెద్ద వయసు స్త్రీలలో ఏ బాధా లేకుండానే కనిపించడం మామూలే. వాసన వస్తోందనో, రంగు మారిందనో పంపితే రిపోర్టు పాజిటివ్ వస్తుంది, దాన్ని చూసి యాంటీబయాటిక్ మొదలవుతుంది, నీరసానికో తికమకకో అసలు కారణం వెతకడం ఆగిపోతుంది. గర్భిణుల వంటి కొందరికి తప్ప, లక్షణాలు లేనివారికి ఈ పరీక్షా వద్దు, చికిత్సా వద్దు అని అమెరికా అంటువ్యాధుల వైద్య నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది.

టొరంటోలోని మౌంట్ సినాయ్ ఆస్పత్రి ల్యాబు, క్యాథెటర్ లేని ఇన్‌పేషెంట్ల పాజిటివ్ ఫలితాలను నేరుగా పంపకుండా, ఇన్‌ఫెక్షన్ ఉందని గట్టి అనుమానముంటే ఫోన్ చేయమని మాత్రమే రిపోర్టులో రాసి చూసింది. 2014లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, లక్షణాలు లేనివారికి అనవసర చికిత్స 48 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది.

షిఫ్టు మారితే డాక్టరు మారే మన వార్డుల్లో ఆ ఫోన్ పద్ధతి వెంటనే పెట్టడానికి నాకు ధైర్యం చాలదు. కానీ మంట, జ్వరం, నడుము పక్కన నొప్పి వంటి లక్షణాలు రిక్వెస్ట్ ఫారంలో రాయనిదే కల్చర్ తీసుకోకపోవడం, ముందు మైక్రోస్కోపు కింద చీము కణాలు (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) చూసి అవి ఉంటేనే ప్లేటు వేయడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. గర్భిణులకు, తెల్లకణాలు బాగా పడిపోయిన క్యాన్సర్ రోగులకు మాత్రం ఈ వడపోత వర్తింపజేయకూడదు.