ఏ జిల్లా బడి, ఎవరి కబురు

వాన జోరుగా కురిసిన రాత్రి మన నగరంలో బడికి వెళ్లే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వెతికే వార్త ఒక్కటే, రేపు సెలవా కాదా అని. టీవీ తెర అడుగున ‘హైదరాబాద్‌లో బడులకు సెలవు’ అన్న అక్షరాలు కదలగానే కూకట్‌పల్లిలోనూ, చందానగర్‌లోనూ, రామచంద్రాపురంలోనూ ఉన్న తల్లిదండ్రులు నిశ్చింతగా పడుకుంటారు. తెల్లవారాక మాత్రం తమ బడి గంట మోగిందని తెలుస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లింది, చందానగర్ రంగారెడ్డిలో ఉంది, రామచంద్రాపురం సంగారెడ్డిలో చేరింది. వాన సెలవు ప్రకటించేది సాధారణంగా ఆయా జిల్లాల కలెక్టర్లు కనుక, ఒకే నగరమని మనమనుకునే చోట ఒక రోడ్డుకు అటు సెలవు, ఇటు పని దినం కావడం వింతేమీ కాదు.

ప్రభుత్వ బడుల వార్తలు చదివేటప్పుడు ముందుగా చూసుకోవలసినది మన బడి ఏ జిల్లా విద్యాశాఖాధికారి కింద ఉందన్నదే. ఇతర జిల్లాల్లో మండల విద్యాధికారి చూసే పనిని హైదరాబాద్ జిల్లాలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్ చూస్తారు కాబట్టి ఫిర్యాదు పట్టుకుని వెళ్లవలసిన కార్యాలయం పేరు కూడా మారుతుంది. బడి వేళలూ అంతే: జంటనగరాల్లో ఉదయం 8.45కే బడి మొదలవుతుంది, మిగిలిన చోట్ల ఆ తరువాత. ఈ తేడాలేవీ పత్రికల్లో రావు, ఎందుకంటే పత్రికకు పథకం ప్రారంభం వార్త, ఫలితాల శాతం వార్త. మన వీధి చివరి బడి వేళలు వార్త కావు.

జూన్‌లో జరిగే బడిబాటనే తీసుకోండి. ఉపాధ్యాయులు బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్చుకునే కార్యక్రమమిది, ఫొటోలు కూడా బాగానే వస్తాయి. అయితే పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చి, కట్టే భవనం పక్కనే రేకుల గదిలో ఉంటున్న కుటుంబానికి నిజంగా అందవలసిన సమాచారం వేరు. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడాన్ని ఆపకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదవ సెక్షన్ చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని పద్నాలుగవ సెక్షన్ చెబుతుంది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నా, ‘కాగితాలు తెచ్చుకున్నాక రండి’ అన్న మాట ఇప్పటికీ కొన్ని గేట్ల దగ్గర వినిపిస్తూనే ఉంది. ఆ మాట అనేవారిలో చాలామంది చెడ్డవారు కారు. ఆన్‌లైన్‌లో పిల్లవాడి వివరాలు నమోదు కాకపోతే పాఠ్యపుస్తకాలు, యూనిఫాం లెక్క తేలదన్న భయం వారిది. అయినా ఆ లెక్క సరిచేసుకునే భారం కార్యాలయానిదే గానీ, కూలికి పోయే తల్లిది కాదు. నా దృష్టిలో ప్రతి బడి గేటుకూ పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఉర్దూలోనూ హిందీలోనూ రాసి తగిలించవలసిన కబురు ఇదొక్కటే.

బోధనా మాధ్యమం సంగతి తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. 2022–23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు అప్పుడే వచ్చాయి. సంచి బరువు పెరిగిందని విసుక్కున్నా, ఇంట్లో పాఠం చెప్పించుకునే పిల్లలకు ఆ ఎదుటి పేజీ మేలే చేస్తోంది.

ఇక కమిటీల విషయం కొంత గజిబిజిగా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయవలసింది ఆ కమిటీయే. 2022 మార్చిలో ‘మన ఊరు – మన బడి’ మొదలైనప్పుడు నగరంలో అది ‘మన బస్తీ – మన బడి’ పేరుతో నడిచింది. మూడు దశల్లో 26,065 బడులను బాగుచేయాలన్నది అప్పటి లక్ష్యం. ప్రభుత్వం మారాక, 2024లో మహిళా సంఘాల నాయకత్వంతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చి మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులు వాటి చేతికి వెళ్లాయి. పథకం పేరు మారిన ప్రతిసారీ సగంలో ఆగిన గోడ ఎవరి ఖాతాలోదో తేల్చడం కష్టమవుతోంది. అందుకే సమావేశానికి వెళ్లే తల్లిదండ్రులు ఏ పని ఏ కమిటీ కింద మంజూరైంది, ఎంత ఖర్చయింది అన్నవి తీర్మానాల పుస్తకంలో రాయించుకోవడం మంచిది.

ఉపాధ్యాయుల లెక్క అన్నిటికన్నా ముఖ్యం. ఉపాధ్యాయ నియామకాల కోసం జరిగిన 2024 డీఎస్సీలో 11,062 పోస్టులన్న సంఖ్య అందరికీ తెలుసు, అక్టోబరులో ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చిన సభనూ అందరూ చూశారు. తల్లికి కావలసిన సంఖ్య దానికన్నా చాలా చిన్నది. ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం షెడ్యూలు నిర్దేశిస్తుంది. హాజరు పట్టీలో ఎంతమంది పిల్లలున్నారు, మంజూరైన పోస్టులెన్ని, వాటిలో పనిచేస్తున్నవారు ఎందరు, డిప్యుటేషన్‌పై వేరే చోటికి పంపినవారు ఎందరు అన్న నాలుగు అంకెలు నోటీసు బోర్డు మీద రాస్తే ఏ బడి పరిస్థితైనా అరనిమిషంలో తెలిసిపోతుంది. యాజమాన్య కమిటీ సమావేశంలో ఈ అంకెలు అడిగే హక్కు సభ్యులకు ఉంది. హెచ్ఎం గారిని మర్యాదగా, లిఖితపూర్వకంగా అడిగితే చాలు.