దమావంద్ కొండకు కర్పూరపు పట్టు

మంచు కప్పిన కొండను వెండి శిరస్త్రాణం పెట్టుకున్న వీరుడితో పోల్చడం పెద్ద గొప్పేమీ కాదు. ఇరాన్ కవి మొహమ్మద్ తఖీ బహార్ 1922 నాటి కవితలో దమావంద్ పర్వతాన్ని అలాగే వర్ణించి, ఆపైన అది కోపంతో భూమి ఆకాశం మీదికెత్తిన పిడికిలి అన్నాడు. ఇంతలోనే తన మాట తనకే నచ్చలేదని ఒప్పుకుని, నువ్వు పిడికిలివి కావు, నొప్పితో వాచిన భూమి గుండెవు, వాపు తీయడానికి నీకు కర్పూరపు పట్టు వేశారు, అని దిద్దుకున్నాడు. మంచును మందుపట్టుగా చూసిన ఆ చూపు కోసమే ఆ కవితను మళ్లీ మళ్లీ చదువుతుంటాను.

బహార్ 1886లో మష్హద్‌లో పుట్టాడు. అక్కడి ఇమామ్ రెజా దర్గాకు ఆస్థానకవి అయిన తండ్రి సబూరీ పోయాక, ఇరవై ఏళ్లయినా నిండకముందే ‘మలెకుష్షొఅరా’ (కవిరాజు) బిరుదు ఇతనికి దక్కింది. బిరుదిచ్చింది రాజే అయినా, రాజు అధికారానికి హద్దులు కోరిన రాజ్యాంగ ఉద్యమం వచ్చేసరికి ఇతను ప్రజల పక్షం చేరి, ‘నౌబహార్’ పత్రిక నడిపి, పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1925లో ఇరాన్‌ను ఏలుతున్న ఖజార్ వంశాన్ని దించే ఓటింగు జరగబోతున్న రోజుల్లో, పార్లమెంటు బయట కాపు కాసిన హంతకులు, ఆ మార్పును వ్యతిరేకించిన బహార్ అనుకుని, పోలికలు కలిసిన వాయెజ్ ఖజ్వీనీ అనే పత్రికా సంపాదకుణ్ణి చంపేశారు. తనకు రావలసిన చావు మరొకరికి వచ్చిందన్న ఎరుకతో అతను ఇంకా పాతికేళ్లు బతికాడు.

ఖజార్ల తర్వాత గద్దెనెక్కిన రెజా షా కాలంలో జైలు, ఇస్ఫహాన్ ప్రవాసం చూసిన ఈ మనిషే పాత ప్రతులు ముందేసుకుని సీస్తాన్ ప్రాంతపు పాత చరిత్ర గ్రంథం ‘తారీఖె సీస్తాన్’ను పరిష్కరించాడు, పారశీక వచనం వెయ్యేళ్లలో ఎలా మారిందో చెప్పే ‘సబ్క్‌షెనాసీ’ని మూడు సంపుటాలుగా రాశాడు. ఏ ప్రయోగం ఏ శతాబ్దానిదో వాక్యాన్ని చూసి పట్టగలిగిన ఆ పాండిత్యం వల్లనే, పాత ఛందస్సులో కొత్త కోపం పలికించినా అతని పద్యం ఎక్కడా కుంటుపడలేదు.

ఒక్క విషయంలో మాత్రం అతనితో నాకు పేచీ. పారశీక కవిత్వంలో ప్రాచీనమైన ఖొరాసానీ శైలిని నెత్తిన పెట్టుకున్న బహార్, మొగలుల కాలంలో మన దేశంలో వర్ధిల్లిన పారశీక కవితారీతి ‘హిందీ శైలి’ని క్షీణదశగా లెక్కగట్టాడు. పారశీక నిఘంటువుల్లో పేరుమోసిన ‘బుర్హానె ఖాతె’ తయారైంది అబ్దుల్లా కుతుబ్‌షా ఏలిన మన గోల్కొండలోనే కాబట్టి, ఆ తీర్పు నాకు కాస్త గుచ్చుకుంటుంది.

బహార్ 1951లో క్షయతో తెహ్రాన్‌లో కన్నుమూశాడు. అతను రాసిన ‘మోర్గె సహర్’ పాటలో, పంజరం విరగ్గొట్టమని వేకువ పిట్టను వేడుకునే ఆ చరణాలను, కచేరీల చివర ఇప్పటికీ శ్రోతలు గొంతు కలిపి పాడుతుంటారు.