సుడో కబుర్లు మనదాకా రావాలంటే

మంగళవారం.

సర్వర్లలో సుడో (మామూలు యూజర్ అడ్మిన్ అధికారంతో కమాండ్ నడపడానికి వాడే లినక్స్ ప్రోగ్రామ్) వాడకం మీద మెయిల్ అలర్టులు పెట్టే పని ఎన్నాళ్లుగానో వాయిదా పడుతోంది. ఇవాళ మా టీమ్ కుర్రాడూ నేనూ పట్టుబట్టి కూర్చున్నాం.

సుడో అనుమతి లేని యూజర్ ప్రయత్నిస్తే డిఫాల్ట్‌గానే రూట్‌కి, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతాకి, మెయిల్ వెళ్తుంది. కానీ ఆ రూట్ మెయిల్‌బాక్స్ ఆ సర్వర్‌లోనే ఉంటుంది, తెరిచి చూసేవాళ్లే ఉండరు. పైగా సుడో తనంతట తాను మెయిల్ పంపలేదు, సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్‌కి అప్పజెబుతుంది. అది లేకపోతే మెయిల్ బయటికే రాదు. అందుకే ముందు ఆ సెండ్‌మెయిల్ కమాండ్‌ని తనతో పాటు తెచ్చే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టి, ఆఫీసు మెయిల్ సర్వర్‌కి కలిపి, టెస్ట్ మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడ్డాకే సుడోయర్స్ (సుడోతో ఎవరు ఏం చేయొచ్చో రాసి ఉండే ఫైల్) జోలికి వెళ్లాం.

సుడోయర్స్.డి ఫోల్డర్‌లో వేరే ఫైల్ పెట్టి, సేవ్ చేసేముందు తప్పులు పట్టే విసుడోతోనే ఎడిట్ చేశాం. ఫైల్ పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని చదవనే చదవదు, ఎర్రర్ కూడా చూపించదు. ఈ సంగతి కుర్రాడికి రెండుసార్లు చెప్పాను.

"అన్నా, మెయిల్ ఆల్వేస్ పెట్టేద్దాం, ప్రతి కమాండూ తెలుస్తుంది కదా" అన్నాడు. మానిటరింగ్ స్క్రిప్టులు నిమిషానికోసారి సుడో వాడతాయి. అన్నింటికీ మెయిల్ వస్తే వారం తిరక్కుండా అందరూ ఫిల్టర్ పెట్టి పక్కన పడేస్తారు. చదవని అలర్టు ఉన్నా లేనట్టే. అందుకని పాస్‌వర్డ్ తప్పు కొట్టినప్పుడు, అనుమతి లేని కమాండ్ ప్రయత్నించినప్పుడు మాత్రమే మెయిల్ వచ్చేలా పెట్టాం.

టెస్ట్ యూజర్‌తో కావాలనే మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టించాను. కాసేపటికి మెయిల్ వచ్చింది. సర్వర్ పేరు, యూజర్ పేరు, ఏ టెర్మినల్, ఏ ఫోల్డర్, ఏ కమాండ్, అన్నీ ఒక్క లైన్లో. సర్వర్‌లో లాగిన్లు, సుడో వాడకం రికార్డయ్యే ఆత్.లాగ్ ఫైల్‌లోనూ ఇవే ఉంటాయి, కానీ రూట్ అధికారం చేజిక్కించుకున్నవాడు ఆ లాగ్‌ని చెరిపేయగలడు. అప్పటికే బయటికి వెళ్లిపోయిన మెయిల్‌ని వెనక్కి లాక్కోలేడు. నాకు ఈ అలర్టుల మీద ఇంత పట్టుదల అందుకే.

ఒక్క టెన్షన్ మిగిలింది. అనుమతి ఉన్నవాళ్లు సుడోతో రూట్ షెల్ (రూట్‌గా వరసగా కమాండ్లు కొట్టుకునే చోటు) తెరిచేస్తే, ఆ తర్వాత లోపల ఏం చేసినా మామూలుగా సుడోకి తెలియదు. రూట్ షెల్ నిజంగా ఎవరికి అవసరమో రేపు తేల్చాలి. మిగతావాళ్లకి కావలసిన కమాండ్లు మాత్రమే రాసిస్తే సరిపోతుంది.