ప్రొటీన్ డబ్బాలో దొరికిన కవర్

మా తమ్ముడికి ముందు అరిచేతుల్లో, అరికాళ్లలో దురద మొదలైంది, తర్వాత ఒళ్లంతా పాకింది. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. రాత్రి రెండింటికి లేచి హాల్లో కూర్చుని దువ్వెనతో వీపు గోక్కునేవాడు. కొత్త సబ్బు పడలేదేమో అంది అమ్మ. వారం తిరిగేసరికి మూత్రం డికాషన్ రంగులోకి వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, మందు ముట్టడు, బయట తిండి తినడు, వీడికి కామెర్లేమిటని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

మా వైపు కామెర్లంటే ముందు ఏం చేస్తారో అదే చేశారు. అమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించింది, ఉప్పూ నూనే మాన్పించి పత్యం పెట్టింది, పెద్దమ్మ పసరు పోసే ఊరి పేరు చెప్పింది. అలా ఐదు రోజులు పోయాయి. ఆ ఐదు రోజులూ వాడు దాచిపెట్టిన మాత్రలు మింగుతూనే ఉన్నాడు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

నేను బీఫార్మసీ చదివాను. సెలవుకి గుంటూరు వచ్చి వాడి గది సర్దుతుంటే ప్రొటీన్ డబ్బా అడుగున ఒక జిప్ కవర్ కనపడింది. అందులో విడి మాత్రలు, గులాబీ రంగువి కొన్ని, తెల్లవి కొన్ని. స్ట్రిప్ లేదు, బ్యాచ్ నంబరు లేదు. అడిగితే చాలాసేపు తల ఎత్తలేదు. "అక్కా, ఒకటి డయానబాల్, ఒకటి విన్‌స్ట్రాల్. కండల కోసం వేసుకునే స్టెరాయిడ్ మాత్రలు. ఒక్కటే ఎక్కువ వేసుకుంటే ప్రమాదం, రెండూ కొంచెం కొంచెం కలిపి వేసుకుంటే ఏమీ కాదన్నాడు జిమ్ కోచ్" అన్నాడు.

నేనిది రాస్తున్నది ఆ మాట తప్పని చెప్పడానికే.

ఈ మాత్రలు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌కి మార్పులు చేసి తయారుచేసినవి. టెస్టోస్టిరాన్‌ని మామూలుగా మింగితే పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్లి అక్కడే చాలావరకు విరిగిపోతుంది. విరగకుండా ఉండాలని దాని నిర్మాణంలో 17వ కార్బన్ దగ్గర ఒక చిన్న మిథైల్ ముక్క తగిలించారు. డయానబాల్ అనే మెథాండియనోన్, విన్‌స్ట్రాల్ అనే స్టానోజొలాల్, అనవార్ అనే ఆక్సాండ్రొలోన్, అనడ్రాల్ అనే ఆక్సీమెథొలోన్, జిమ్ పిల్లల నోట వినపడే ఈ మాత్రలన్నిటిలో ఉన్నది ఆ ముక్కే, కాలేయాన్ని ఇబ్బంది పెట్టేదీ అదే. పేర్లు వేరు, రంగులు వేరు, దెబ్బ పడే చోటు మాత్రం ఒకటే. రెండు రకాలు వేసుకుంటే భారం సగమవ్వదు, ఒకదాని మీద ఇంకొకటి పడుతుంది. పైగా వీడు సగం సగంతో మొదలుపెట్టి మూడో వారానికి రెండూ పూర్తిగా వేసుకుంటున్నాడు, అద్దంలో భుజాలు కనపడుతుంటే ఆగబుద్ధి కాలేదన్నాడు.

ఈ మందులు పైత్యరసం పారే దారిని అడ్డుకుంటాయి. ఆ రసం రక్తంలో నిలిచిపోవడం వల్లే ఆ దురద. దారుణమేమిటంటే, ఇలాంటి కామెర్లలో ఎస్‌జీపీటీ, అంటే కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్, పెద్దగా పెరగకపోవచ్చు. వాడికి కళ్లు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ 14 ఉంటే ఎస్‌జీపీటీ 80 దగ్గరే ఉంది. నెల ముందు ఎస్‌జీపీటీ ఒక్కటే చేయించుకుని, కొంచెం పెరిగితే, బరువులెత్తితే అంతేలే అని సరిపెట్టుకున్నాడట. నిజమే, గట్టిగా వ్యాయామం చేస్తే కండల నుంచి కూడా అది పెరుగుతుంది, అందుకే ఆ ఒక్క అంకె చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. పక్కన లివర్ టానిక్ తాగుతున్నాం కదా అనే ధీమా కూడా వట్టిదే. కొందరికి కాలేయంలో రక్తంతో నిండిన బుడగలు వస్తాయి, గడ్డలు వస్తాయి. అమెరికాలో 2023లో ఆక్సాండ్రొలోన్ అనుమతే తీసేశారు, జిమ్‌లో "మైల్డ్" అని అమ్మే మాత్ర అది.

గుండె సంగతి ఇంకా ఎవరికీ పట్టదు. 1989లో వచ్చిన ఒక అధ్యయనంలో బరువులెత్తేవాళ్లకి రోజుకి 6 మిల్లీగ్రాముల స్టానోజొలాల్ ఆరు వారాలు ఇస్తే మంచి కొలెస్ట్రాల్ 33 శాతం పడిపోయింది. వీడికి చెప్పిన మోతాదు దానికి ఎన్నో రెట్లు, అది కూడా ఇంకో మాత్రతో కలిపి.

మొదటిరోజు డాక్టర్ ఏం వాడుతున్నావని అడిగితే "ప్రొటీన్ ఒక్కటే సార్" అన్నాడు, పక్కనే నాన్న ఉన్నారని. హెపటైటిస్ పరీక్షలన్నీ చేశారు, స్కాన్ చేశారు, ఏమీ దొరకలేదు. మర్నాడు నేను ఆ కవర్ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాక ఆయన తిట్టలేదు, రెండు పేర్లూ కాగితం మీద రాసుకుని, ఎన్నాళ్ల నుంచి అని మాత్రం అడిగారు. మాత్రలు ఆపించి దురదకి మందిచ్చారు. కళ్లు మళ్లీ తెల్లబడటానికి ఏడు వారాలు పట్టింది. ఈ మాత్రల వల్ల తగ్గిపోయిన, ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టిరాన్ మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, వచ్చే నెల మళ్లీ పరీక్ష.

నిన్న సాయంత్రం వాడి జిమ్ స్నేహితులు ముగ్గురు చూడటానికి వచ్చారు. ఇదంతా వాళ్లకీ చెప్పాను. ఇద్దరు సెల్ చూసుకుంటూ కూర్చున్నారు. మూడోవాడు వెళ్తూ గేటు దగ్గర ఆగి, "అక్కా, నాకూ రాత్రిళ్లు అరికాళ్లు దురదగా ఉంటోంది" అన్నాడు. పొద్దున్నే ల్యాబ్‌కి రమ్మన్నాను, వాడి కవర్ కూడా తెమ్మన్నాను.