పేజీలో పొదిగిన ముక్కలకు అనువాదం: ఇప్పటివరకు అయిన పని

నక్షత్రాలను గుర్తుపట్టడం నేర్పే నా చిన్న వెబ్‌సైట్ తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషుల్లో నడుస్తోంది. వ్యాసాల అనువాదం ఎప్పుడో పూర్తయింది. మొండికేసినవల్లా వాటి మధ్యలో పొదిగిన ముక్కలే: నక్షత్ర పటం, వీడియో, గమనిక పెట్టె, క్విజ్, చంద్రకళల పెట్టె. వీటిలోని మాటలు వ్యాసం ఫైల్లో ఉండవు, పేజీకి అచ్చులాంటి టెంప్లేట్‌లో ఉంటాయి. అనువాదకుల చేతికి వెళ్లేది వ్యాసం ఫైలు ఒక్కటే. అందుకే హిందీ పేజీ నడుమ 'జవాబు చూడండి' అనే తెలుగు బటన్ దర్జాగా కూర్చుని ఉండేది.

సైటు హ్యూగో అనే సైటు తయారీ సాధనంతో కట్టినది. షార్ట్‌కోడ్‌లలో, అంటే ఈ ముక్కలను వ్యాసంలోకి తెచ్చే చిన్న టెంప్లేట్లలో, ఉన్న ప్రతి మాటనూ బయటికి లాగి, అనువాదాలుండే ఐ18ఎన్ ఫోల్డర్‌లో భాషకొక ఫైలు చొప్పున సర్దాను. షార్ట్‌కోడ్‌లో ఇప్పుడు గుర్తింపు పేర్లే మిగిలాయి. ఆ మాట పేజీలో ఎక్కడ కనిపిస్తుందో పేరులోనే తెలియాలన్నది నా పట్టింపు. 'క్విజ్_బటన్_జవాబు' అంటే అనువాదకులకు అర్థమవుతుంది. 'బటన్3' అంటే చీకట్లో బాణమే.

ఒక మాటకు అనువాదం లేకపోతే హ్యూగో చడీచప్పుడు లేకుండా డిఫాల్ట్ భాషలోని మాటను వేసేస్తుంది. పాఠకులకు అది మేలే గానీ, లోటు ఎక్కడుందో వెతుక్కునే నాకు చిక్కు. ఎనేబుల్‌మిస్సింగ్‌ట్రాన్స్‌లేషన్‌ప్లేస్‌హోల్డర్స్ అని గుక్కతిప్పుకోకుండా చదవాల్సిన సెట్టింగ్ ఒకటుంది. దాన్ని ఆన్ చేస్తే, అనువాదం లేనిచోట గుర్తింపు పేరే తెర మీదికి వస్తుంది. నా కంప్యూటర్‌లో పరీక్షించేటప్పుడే దాన్ని ఆన్‌లో ఉంచుతున్నాను.

క్విజ్ ఫలితాన్ని ముక్కలుగా అతికించడం మానేశాను. '10 ప్రశ్నల్లో 7 సరైనవి' అన్న వాక్యం మొత్తం ఒకే ఎంట్రీ. అంకెల చోటు మాత్రం ఖాళీ. పదాల వరుస భాషను బట్టి మారుతుంది కదా. ఏకవచన, బహువచనాలకూ వేర్వేరు రూపాలు ఇచ్చాను. సున్నా తెలుగులో బహువచనం కిందికి వస్తుంది, హిందీ నియమంలో ఏకవచనంతో కలుస్తుంది. ఆ తేడాను హ్యూగో చూసుకుంటుంది, టెంప్లేట్‌లో షరతులు రాయనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ పని చెప్పింది నక్షత్ర పటం. ఎస్‌వీజీ ఫైలును, అంటే గీతలూ మాటలూ కోడ్‌గా రాసిన ఆ బొమ్మను, మామూలు బొమ్మలా పెడితే పేజీ ఫాంట్లు దానికి అందవు, టెంప్లేట్ దాని లోపల మాటలు నింపలేదు. కాబట్టి పటాన్ని నేరుగా హెచ్‌టీఎంఎల్‌లోనే పొదిగాను. భాషను బట్టి మాటలు మార్చడానికి ఎస్‌వీజీలోనే స్విచ్ అనే ఏర్పాటు ఉంది. కానీ అది చూసేది బ్రౌజర్ భాషను, పేజీ భాషను కాదు. ఇంగ్లీషు బ్రౌజర్‌లో తెలుగు పేజీ తెరిచినవారికి ఇంగ్లీషు పేర్లే కనిపిస్తాయి. దాన్ని పక్కన పెట్టాను.

ఉర్దూ పేజీలో ఇంకో తిరకాసు. కుడి నుంచి ఎడమకు సాగే దిశను పటం కూడా పేజీ నుంచి అందిపుచ్చుకుంటుంది. దాంతో చుక్కకు కుడిపక్కన ఉండాల్సిన పేరు ఎడమకు దూకి, పక్క చుక్క మీద పడుతుంది. పటానికి విడిగా ఎడమ నుంచి కుడికి దిశ ఇస్తే పేర్లు చోటికి చేరాయి; ఉర్దూ అక్షరాల కలయిక ఏమీ చెడలేదు. పేజీతో పాటు బొమ్మలనూ అద్దంలోలా తిప్పేసే సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు నిర్ణయించే కోడ్) నియమం నుంచి పటాన్ని తప్పించాను. ఉత్తరం పైన ఉన్న ఆకాశ పటంలో తూర్పు ఎడమ చేతివైపు ఉంటుంది. అది ఏ భాషలోనైనా అంతే.

వీడియో పని తేలిక. యూట్యూబ్ ఎంబెడ్ చిరునామాకు హెచ్ఎల్ అనే భాష సెట్టింగ్ చేర్చితే ప్లేయర్ మాటలు, సీసీ_ల్యాంగ్_ప్రెఫ్ చేర్చితే ఉపశీర్షికలు ఆ భాషకు మారతాయి, అయితే ఆ భాషలో ఉపశీర్షికలు ఉండాలి. వీడియోను పొదిగే చట్రమైన ఐఫ్రేమ్ టైటిల్‌ను కూడా అనువదించాలి. పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పలికేది దాన్నే. గమనిక పెట్టె శీర్షిక సీఎస్ఎస్‌లో ఉండేది, అనువాదానికి అందేలా దాన్ని హెచ్‌టీఎంఎల్‌లోకి తెచ్చాను.

ఇక చంద్రకళల పెట్టె. తేదీలను జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ అనే ఏర్పాటు పేజీ భాషను బట్టి రాసిపెడుతోంది. 8 కళల పేర్లను ఐ18ఎన్ ఫైళ్ల నుంచి పేజీ కోడ్‌లో దాచే డేటా ఆట్రిబ్యూట్ల ద్వారా అందిస్తున్నాను. ఉర్దూ పేర్లు ఇంకా రావాలి. అప్పటిదాకా ఆ పేజీలో ఈ పెట్టెను దాచి ఉంచాను.